కాయితం మీది తల్లి

మూడోసారి కూడా కూర్మమ్మ తప్పే చెప్పింది.

"ఝాన్సీ మీకేమవుతుందమ్మా?" అని అడిగాడు భాస్కర్. శ్రీకాకుళంలో వీసా ఫారాలు నింపే ఆఫీసు అతనిది. ఆదివారం కదా అని పొద్దున్నే బస్సెక్కి చీపురుపల్లి వచ్చాడు. కూర్మమ్మ చెల్లెలు గౌరి ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, కిటికీ అవతలి ఆఫీసరులా మొహం బిగించి కూర్చున్నాడు.

"నా కూతురు."

"చెల్లెలి కూతురు అనాలమ్మా."

"అదేలే బాబూ. సెల్లి కూతురు."

అడగ్గానే అలా చెప్పరేమని భాస్కర్ విసుక్కోబోయి ఆగాడు. కూర్మమ్మ తల వంచుకుని చీర అంచు సవరించుకుంటోంది. ఇరవయ్యేడేళ్ళుగా నాలుకకి అలవాటైన మాట అది. ఒక్క పూటలో మార్చుకోమంటే నాలుక మాత్రం ఏం చేస్తుంది?

నిన్న సాయంత్రం భాస్కర్ ఫోన్లో సంగతి చెప్పిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పరాయి దేశంలో, కొలంబస్‌లో కూర్చుని ఝాన్సీయే ఇద్దరి ఫారాలూ నింపింది. ఎవర్ని చూడ్డానికి వెళ్తున్నారు అన్నచోట కూర్మమ్మ ఫారంలో ‘కూతుర్ని’ అని రాసింది. గౌరి ఫారంలోనూ అదే రాసింది. ఒకామె కంది, ఒకామె పెంచింది. పిల్ల లెక్కలో రెండూ నిజాలే. కానీ ఆ పిల్ల పాస్‌పోర్టులో తల్లి ఒక్కతే, గౌరి. గురువారం పొద్దున హైదరాబాద్ వీసా ఆఫీసులో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే కిటికీ ముందు నిలబడితే ఒక పిల్లకి ఇద్దరు తల్లులేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నతో ఇద్దరి ప్రయాణమూ ఆగిపోవచ్చని భాస్కర్ భయం.

అంత చదువు చదివిన పిల్ల ఇంత పొరపాటు చేస్తుందా అంటే, అది పొరపాటని ఆమెకి తోస్తే కదా.

ఝాన్సీ పురుడుకి ఇంకా ఆరు వారాలుంది. నిరుడు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. అప్పుడు పక్కన మొగుడు పృథ్వీరాజ్ తప్ప ఎవరూ లేరు. అతనికి తల్లి లేదు. ఆ తరవాత నలభై రోజులు ఆ పిల్ల సరిగా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. ఈసారి అమ్మ వచ్చేదాకా నాకు ధైర్యం రాదని కబురు మీద కబురు పెడుతోంది. అమ్మ అంటే కూర్మమ్మ. అది అడగక్కర్లేదు.

గోడవారగా కుర్చీలో కూర్చున్న జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. గౌరి భర్త, ఎమ్మార్వో ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కాగితాల మధ్యే తల నెరిసిన మనిషి.

"కాయితం మీద ఎవులుంటే ఆళ్ళే తల్లి వదినా. నాను ముప్పయ్యేళ్ళ బట్టి సూస్తన్నాను. మడిసి ఎదురుగుండా నిలబడి బతికే ఉన్నాను బాబూ అన్నా, కాయితం లేకపోతే బతికున్నట్టు కాదు."

"అయితే ఇన్నేళ్ళూ నాను సేసిందేటి జగన్నాధం? జీతానికి పన్జేసినానేటి?"

"నన్నడిగితే నానేటి సెప్తాను?" జగన్నాధం లేచి నిలబడ్డాడు. "బడికి సంతకాలెట్టింది నాను. పాసుపోర్టుకి పోలీసొస్తే నా గుమ్మంలోకే వచ్చినాడు. పెళ్ళిపీటల మీద కాళ్ళు కడిగింది మీ ఆయన. పోనీ, పెద్దోడు, ఇప్పుడు లేడు. నన్ను ఆ పిల్ల ఇప్పటికీ బాబాయనే పిలస్తాది. ఏనాడైనా నోరెత్తినానా?"

"ఒగ్గీండి," అంది గౌరి వంటింటి గుమ్మంలోంచి. అంతే అంది. జగన్నాధం చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అంటారు. ఆ ఇంట్లో అందరికీ ఆ సామెత బాగా తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ ఎవరి కడుపు వాళ్ళు పట్టుకుని తిరిగారు.

భాస్కర్‌కి ఇబ్బందిగా ఉంది. మంచినీళ్ళు తాగి, ఇంకొక్కసారి చూద్దామమ్మా అన్నాడు. కూర్మమ్మ సరేనంది. ఈసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఝాన్సీ మీకేమవుతుంది?"

"నా సెల్లి కూతురండి."

"మీకు పిల్లలున్నారా?"

"లేరండి."

తడుముకోకుండా చెప్పింది. గరివిడి దగ్గర పల్లెలో, ఆ పిల్లకి ఉగ్గు పెట్టి, జ్వరాలకి మేలుకుని, జడలు వేసి, సైకిలు వెనక పరుగెత్తి, పదో తరగతి పరీక్షకి బడి గేటు బయట మూడు గంటలు ఎండలో నిలబడిన మనిషి, నాకు పిల్లలు లేరండి అని చెప్పింది. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

బాగా చెప్పారమ్మా అన్నాడు భాస్కర్. అన్నాక, మెచ్చుకోవాల్సిన మాట కాదని అతనికే అనిపించి లాప్‌టాప్ వైపు చూశాడు. అయినా పని పనే కనక తరవాతి ప్రశ్న అడిగాడు. తల్లి వెళ్తోంది కదా, మరి పెద్దమ్మ ఎందుకు?

"అది రమ్మన్నాది."

"మిమ్మల్నే ఎందుకు రమ్మంది?"

"నాను దాని..." అని ఆగిపోయింది కూర్మమ్మ.

భాస్కర్ కళ్ళజోడు తీసేశాడు. వాళ్ళమ్మ వయసు మనిషి ముందు కూర్చుని అబద్ధం నేర్పడం తనవల్ల కాదన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పొచ్చు, కానీ అప్పుడు దత్తత కాగితం అడుగుతారు, అది ఉందా అన్నాడు.

"దత్తతేటి బాబూ? సొంత సెల్లి బిడ్డకి దత్తతేటి?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. వాళ్ళ పల్లెల్లో చెల్లి బిడ్డని అక్క పెంచుకోవడానికి రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కిన వాళ్ళు లేరు. బిడ్డలు లేనామెని పీట మీద కూర్చోబెట్టి, కొంగులో బియ్యం పోసి, అయిదుగురు పెద్దల ముందు ఆ బియ్యం మీద బిడ్డని పడుకోబెడతారు. ఒడిలో వేశారంటే ఇచ్చేసినట్టే. ఊరికంతటికీ తెలిసిన దానికి సంతకమెందుకు? ఝాన్సీ పదో తరగతి ఫారాల దగ్గర హెడ్మాస్టరు పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నప్పుడు మాత్రం చిక్కొచ్చింది. అందులో శ్రీకాకుళం ఆసుపత్రి వాళ్ళు రాసుకున్న పేర్లే ఉన్నాయి. ఆ రోజే కూర్మమ్మ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, మీ పిన్ని నిన్ను నా ఒడిలో వేసిందని చెప్పింది. పిల్ల విని, సరేనమ్మా అని, వెళ్ళి చదువుకుంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

భాస్కర్ తన ఎరుకలో ఉన్నది చెప్పాడు. ఇద్దరూ వెళ్తే ఇద్దరికీ అనుమానం. కూర్మమ్మ ఒక్కతే పెద్దమ్మగా వెళ్తే, భర్త లేని మనిషి, ఊళ్ళో ఎదురుచూసే వాళ్ళు లేరు, తిరిగొస్తుందన్న నమ్మకం కలిగించడం కష్టం. గౌరి ఒక్కతే వెళ్తే కాగితాలన్నీ ఒక్క మాటే చెప్తాయి. కూర్మమ్మ పేరు తీసెయ్యాలంటే ఝాన్సీ ఫోనుకి ఒక కోడు వస్తుంది, అది చెప్తే అయిదు నిమిషాల పని. సాయంత్రంలోగా తేల్చమన్నాడు.

కూర్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది.

గౌరి కత్తిపీట ముందు కూర్చునే ఉంది. ఆనపకాయ సగం తరిగి వదిలేసింది.

"నానెల్లనప్పా," అంది అక్కతో, తలెత్తకుండా. "అది నిన్ను రమ్మన్నాది. నన్ను కాదు."

"నన్ను పంపరంట."

"అయితే ఎవులమూ ఎల్లొద్దు."

"నిరుటి లాగ అయితే?"

కూర్మమ్మ పక్కన కూలబడి మిగిలిన సగం కాయ అందుకుంది. ఇద్దరూ కాసేపు కూర తరిగారు. అక్కచెల్లెళ్ళకి పనిలో మాట అక్కర్లేదు. ఉన్న చిక్కంతా చేతులు ఖాళీగా ఉన్నప్పుడే.

కూర్మమ్మ చెల్లి మొహం చూడలేకపోయింది. పీట మీద కూర్చోబెట్టడమూ, బియ్యం పోయడమూ, అయిదుగురు పెద్దలూ ఏవీ జరగలేదని ఈ భూమ్మీద తెలిసిన వాళ్ళు ఇప్పుడు ముగ్గురే. తనూ, గౌరీ, జగన్నాధమూ.

జరిగింది వేరు. బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజుకి గౌరికి కామెర్లు ముదిరాయి. పాలు ఎండిపోయాయి. పెళ్ళయి పదకొండేళ్ళయినా కడుపు పండని కూర్మమ్మ, నీకు నయమయ్యేదాకా నేను చూస్తానని పసిగుడ్డుని తీసుకుపోయింది. బిడ్డకి ఏడో నెల వచ్చేసరికి గౌరి కోలుకుంది. పువ్వుల గౌనొకటి కొనుక్కుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని, గరివిడిలో దిగి పల్లెకి నడిచొచ్చింది. కూర్మమ్మ తలుపు గడియ పెట్టుకుంది. పిల్లని పట్టుకుపోతే నుయ్యి చూసుకుంటానని లోపల్నుంచి అరిచింది. వాళ్ళమ్మ ఉండేది అప్పటికి. అరుగు మీద కూర్చుని, నీకేమే, ఇంకా పుడతారు, అక్కని బతకనీ అని గౌరికి నచ్చజెప్పింది. గౌరి పొద్దువాలేదాకా నిలబడి వెళ్ళిపోయింది. తరవాత గౌరికి ఎవరూ పుట్టలేదు.

ఒడిలో వేసిందన్న కథ ఆ మర్నాడు కూర్మమ్మే పుట్టించింది. ఊరు నమ్మింది. గౌరి కాదనలేదు. పదే పదే చెప్పగా కూర్మమ్మ కూడా కొన్నాళ్ళకి సగం నమ్మింది.

"గౌరీ," అంది కూర్మమ్మ. "నువ్వెల్లు."

"అప్పా..."

"నువ్వెల్లి దాని పక్కనుండు. నా పేరు కొట్టీమంటాను."

ఇన్నేళ్ళలో చెల్లికి తనిచ్చింది ఏమన్నా ఉంటే ఇదొక్కటే అనుకుంది. ఆ అనుకోవడంలో కొంచెం ఊరట కూడా ఉంది. మనిషన్నాక అలాగే ఉంటుంది. గుండె కోసిచ్చేటప్పుడు కూడా ఇస్తున్నాననే తృప్తి ఒకటి కావాలి.

భోజనాలయ్యాక భాస్కర్ ఎదుట కుర్చీలో గౌరి కూర్చుంది. కూర్మమ్మ తలుపు పక్కన చాప మీద కూర్చుంది.

మీ అల్లుడు ఏం పని చేస్తారని అడిగితే గౌరి కంప్యూటర్ల పనంది. ఏ కంపెనీ అంటే తెలియదంది. మీ అమ్మాయికి ఏ డాక్టరు చూస్తున్నారంటే తెలియదంది. చివరిసారి అమ్మాయితో ఎప్పుడు మాట్లాడారని అడిగాడు భాస్కర్.

"నెల్లాళ్ళయ్యుంటాది."

కాన్పుకి ఆరు వారాలున్న కూతురితో తల్లి నెల్లాళ్ళుగా మాట్లాడలేదంటే ఎలాగమ్మా అని భాస్కర్ మెల్లిగా అన్నాడు. గౌరి కళ్ళు నిండాయి.

అప్పుడు కూర్మమ్మ చాప మీంచి అందుకుంది. అల్లుడి కంపెనీ పేరు చెప్పింది. డాక్టరమ్మ పేరు చెప్పింది, పలకడానికి మూడు నెలలు పట్టిన పేరది. గౌరి ఒక్కొక్కటీ వెనకాలే అంటూ వచ్చింది. ఆ తరవాత కూర్మమ్మ, పిల్లకి సూదంటే భయమని, సూది పొడిచేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతుండాలని చెప్పింది. గుమ్మడికాయ వాసనకే కక్కుతుందని చెప్పింది. ఏడుపొస్తే ఏడవదని, గిన్నెలు తోముతుందని, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంటే దగ్గరికెళ్ళి నిలబడమని చెప్పింది. భాస్కర్ ఎప్పుడో రాసుకోవడం మానేశాడు. ఇవేవీ ఏ ఆఫీసరూ అడిగేవి కావు. ఆపడానికి మాత్రం అతనికి మనసొప్పలేదు.

"నిరుడు బిడ్డ పోయినప్పుడు," అంది కూర్మమ్మ, "రోజూ ఫోను సేసీది. మాటాడీది కాదు. అమ్మా, నువ్వు నీ పని సేసుకో, నాను ఇంటాను అనీది. నాను ఫోను గట్టు మీదెట్టి కల్లాపి సల్లీదాన్ని, కోళ్ళని అదిలించీదాన్ని, పప్పు కడిగీదాన్ని. ఆ సప్పుళ్ళింటా నిద్దరోయీది. నలబై రోజులు."

గౌరి కుర్చీలోంచి అక్క వైపు తిరిగింది.

"నాకు సెప్పనేదేటప్పా?"

"ఏటని సెప్పను?"

అక్కడితో ఆ పూట పాఠం ఆగింది.

సాయంత్రం ఆరు దాటాక ఝాన్సీ ఫోను చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతుంది. భాస్కర్ ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి ఉంచుకుని, కోడు కోసం కూర్చున్నాడు. కూర్మమ్మకి ఎడమ చెవి సరిగా వినిపించదు. ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడుతుంది. వంటింట్లో పీట మీద తనూ, ఎదురుగా గోడకి ఆనుకుని గౌరీ.

మోకాళ్ళు మరీ పట్టేస్తున్నాయని, అంతసేపు విమానంలో కూర్చోలేనని, పిన్నిని పంపుతున్నానని కూర్మమ్మ చెప్పింది. మధ్యాహ్నమంతా నేర్చుకున్న మాటలు. ఒక్కటీ మర్చిపోకుండా చెప్పగలిగింది. పిల్ల ఏడుస్తుందని, రావాల్సిందేనని మొండికేస్తుందని, అప్పుడెలా ఓదార్చాలోనని కూర్మమ్మ మాటలు కూడగట్టుకుంటోంది.

"అమ్మా, పక్కనెవులైనా ఉన్నారా?"

కూర్మమ్మ గౌరి వైపు చూసింది. "లేరమ్మా. సెప్పు."

"కోప్పడవు కదా?"

"నీ మీద నాకు కోపమేటి?"

"పిన్ని వస్తే మంచిదేనమ్మా. నానే అడుగుదామనుకున్నాను. నువ్వు బాధపడతావనీసి ఇద్దరికీ నింపినాను." ఝాన్సీ గొంతు తగ్గింది. "పిన్నిని ఒక మాట అడగాలమ్మా. నిరుడు నా బిడ్డ పోతే నాను పిచ్చిదాన్నయిపోయినాను. ఇది ఇప్పుడు లోపల తంతంటే, ముట్టుకోకుండానే ఒదల్లేకపోతన్నాను. తను ఇరవై రోజులు పాలిచ్చిన బిడ్డని తీసి ఇంకొకరి ఒడిలో ఎలగెయ్యగలిగిందో నాకు తెల్డంలేదు. పదో తరగతి నుంచీ అదే ఆలోసిస్తన్నాను. నాను అక్కర్లేకపోయానేటమ్మా ఆవిడికి?"

గౌరి కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడు రాలేదు.

"ఎదురుగా కూకోబెట్టి అడుగుతాను," అంది ఝాన్సీ. "అడిగీ, ఆ తరవాత మరి మనసులో ఏటీ ఎట్టుకోను. నువ్వు మాత్రం ఏటీ అనుకోకు. నువ్వే నా అమ్మవి. కోడు ఇప్పుడే పంపుతన్నాను, భాస్కర్ గారికి సెప్పీ."

ఫోను ఆగిపోయింది.

పెంచిన చేతులు రెండూ కూర్మమ్మ ఒళ్ళో ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. పిల్లకి దూరమవుతున్నానన్న బాధే పెద్దదని మధ్యాహ్నం దాకా అనుకుంది. అంతకన్నా పెద్దది ఒకటుందని ఇప్పుడు తెలిసింది. ఇంతకాలమూ ఆ పిల్ల, కన్నతల్లి తనని వద్దనుకుందని మనసులో పెట్టుకుని పెరిగింది. ఆ ముల్లు గుచ్చింది ఎవరో కాదు, తనే. సూదికి భయపడితే చెయ్యి పట్టుకుని మాట్లాడిన తనే.

గౌరి నోట్లోంచి కొంగు తీసింది. ఏడవలేదు. ఆమె మొహంలో కూర్మమ్మ ఎన్నడూ చూడని నెమ్మది ఒకటి కనిపించింది.

"మజ్జాన్నం నుంచీ అన్నీ నేర్పినావు కదప్పా," అంది. "అల్లుడి కంపెనీ నేర్పినావు, డాక్టరు పేరు నేర్పినావు. ఇదడిగితే ఏటి సెప్పమంటావు?"

కూర్మమ్మ ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"నాను ఇచ్చీసినాననే సెప్పమంటే సెప్తాను. ఇన్నేళ్ళూ సెప్పనేదా? కానీ అది నా మొకంలోకి సూసి, అక్కర్లేకపోయానేటని అడిగితే, అవునని ఎలగ సెప్పనప్పా? నువ్వే సెప్పు. నువ్వు సెప్పిందే సెప్తాను."

నిజం చెప్పమంటే, పురిటి మంచం మీద ఉన్న పిల్లకి ఆ ఒక్క మాటతో అమ్మ పోతుంది. అబద్ధమే చెప్పమంటే, గౌరి మొహం మీద రెండోసారి తలుపు వేసినట్టు. ఇంకో దారి కూడా ఉంది. అది తోచినందుకు కూర్మమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది. కోడు చెప్పకపోతే సరి. గురువారం ఇద్దరూ కిటికీ ముందు నిలబడతారు, ఇద్దరికీ వీసా పోతుంది, ఎవరూ వెళ్ళరు, ఎవరూ ఏమీ అడగరు. పిల్ల మాత్రం ఒంటరిగా కంటుంది.

చేతిలో ఫోను టింగుమంది. ఝాన్సీ పంపిన ఆరంకెలు తెర మీద వెలిగాయి.

"వచ్చిందా అమ్మగారూ?" ముందుగదిలోంచి కేకేశాడు భాస్కర్. "పది నిమిషాలే ఉంటుందది. చెప్పండి."

గౌరి అక్క మొహంలోకే చూస్తోంది. వీధి గుమ్మంలో జగన్నాధం చెప్పులు విడుస్తున్న చప్పుడైంది.

"అమ్మగారూ, కోడు వచ్చిందా?"

"ఇంకా రానేదు బాబూ," అంది కూర్మమ్మ. అని, ఫోను నేల మీద బోర్లించింది.